మోపు లెక్క

ఈసారి ఆరు మోపులే.
పోయినేడు పదకొండు వేశాను.

లుక్ యెన్ కొండల మీంచి దిగే కాలువ
మా మడుగులోకి దూకే చోట
నడుంలోతు నీళ్లలో నిలబడి
వెదురు గుంజకు కట్టాను సోవాన్ కొమ్మల్ని.
వేపకు దాయాది ఈ చెట్టు.
ఆకు నలిపిన వేళ్ల చేదు
రాత్రి అన్నం ముద్దలోనూ పలకరిస్తుంది.

గడ్డిచేపను పట్టి, తడిగుడ్డ మీద పడుకోబెట్టి
రెక్క మొదట్లో వెతుకుతాను.
చినిగిన చొక్కా అంచున దారప్పోగులా
ఒక పురుగు.
లాగితే తెగుతుంది, తల లోపలే ఉండిపోతుంది
మాంసంలో దింపిన లంగరై.

తోక మీద నొక్కు ఉన్నదానికి పద్నాలుగు.
ఒంటికన్నుదానికి తొమ్మిది.
మా నియెన్ బడి పుస్తకం వెనకపేజీలో
గీతలు గీసింది, ఐదుకొక అడ్డగీత.

సంతలో నీలం పొట్లం ఉంది,
పైన నవ్వే చేప బొమ్మ.
దాని ధరకు నియెన్‌కి చలికోటు వస్తుంది.
పోయినేడూ ఇదే లెక్క వేసుకుని
చెట్టెక్కాను కొడవలితో.
ఆకును నేను తూచలేదు, నా భయం తూచింది.
మోపు మీద మోపు.
మూడోనాటికి నీళ్లు డికాక్షన్,
ఐదోనాటికి తారు.
తెల్లవారుజామున మడుగంతా నోళ్లు,
గుండ్రంగా తెరిచి గాలిని అడుక్కునే నోళ్లు.
పురుగులు చచ్చాయి, నిజమే.
అవి కాపురమున్న ఇళ్లూ చచ్చాయి.

గంపలకెత్తి పాతిపెడుతుంటే
పక్క మడుగు మా వాన్ త్యెప్
వెదురు గొట్టంలో పొగ గుడగుడలాడించి
ఒక్కటే అడిగాడు:
"ఆకు రాలాక కొమ్మలెందుకు ఉంచావు?"
సాయంత్రం తన పంపు తెచ్చి
మా గట్టు మీద పెట్టి, చెప్పకుండా వెళ్లిపోయాడు.

మా ఇంటి వాసాలూ సోవానే.
నేను కాపురానికి రాకముందు మా మామ
రెండేళ్లు ఈ బురదలోనే నానబెట్టాడట
పురుగు తొలవకుండా.
నిద్రపట్టని రాత్రి పైకి చూస్తే
మడుగు అడుగున పడుకున్నట్టే ఉంటుంది.
చెక్కకు తెలిసిన కొలత నాకు తెలియలేదే అని
ఒకసారి కప్పు మీద కోపమొచ్చింది కూడా.

ఇవాళ నాలుగోరోజు.
ఆకు రాలింది. కొమ్మలు పైకి లాగేశాను,
బోసిగా, జిగటగా, కోళ్ల కాళ్లలా.
నీళ్ల రంగు ఇంకా నీళ్ల రంగే.

నొక్కుతోక దొరికింది.
పద్నాలుగు ఉన్నచోట మూడు.
ఆకు చేసిందో, మొన్నటి చలివాన చేసిందో
ప్రమాణం చేసి చెప్పలేను.
గుడ్లు ఎక్కడో ఉండే ఉంటాయి,
పదిరోజులకు మళ్లీ ఆరు మోపులు.
నియెన్ రబ్బరు తీసి గీతలు చెరపబోతే
ఉంచమన్నాను.

పురుగు ఊడిన చోట ఎర్రటి చుక్క.
సంతలో బేరమాడే ఆవిడ వేలు
నేరుగా దాని మీదే పడుతుంది, నాకు తెలుసు.
మూడేనా, నాలుగా అని
మరోసారి వెలుతురుకు తిప్పానో లేదో

చేతుల్లోంచి జారి
తోకతో ఒక్కటి కొట్టి
పెదాల మీద ఇంత చేదు చిలకరించి
లోతుకు పోయింది.