గదిలో ఎవరూ లేరు

లిఫ్టుకి జ్ఞాపకం అక్కర్లేదు.
ఇప్పుడున్న అంతస్తేదో, నొక్కిన మీటేదో తెలిస్తే చాలు
ఎటు పోవాలో దానికి తెలుస్తుంది.
పొద్దున ఎవర్ని దించిందో
ఎవరు అద్దంలో చూసుకుని ఏడ్చారో
దానికి పట్టదు.

పదకొండేళ్ళుగా షార్జాలో లిఫ్టులు బాగుచేస్తున్నాను.
దీన్ని పరిమిత స్థితి యంత్రం అంటారని
మొన్న మూడోవారం పాఠంలో తెలిసింది.
మేడమ్ గీసిన గుండ్రాలు, బాణాలు చూసి
ఓస్ ఇదా అనుకున్నాను.
గోరు సందుల్లో గ్రీజుతో సహా
ఇది నాకు తెలిసిందే కదా.

నిజామాబాద్‌లో బీఎస్సీ దగ్గర ఆగిన చదువు
పైమంచం మీద, దుప్పటి కింద
ఫోను వెలుగులో మళ్ళీ మొదలైంది.
"నలభై దాటినంక ఎమ్మెస్సీ ఏందే,
ఆ పైసలతోని మంచి కంప్యూటరే రాకపోవునా?"
అన్నాడు లింబాద్రి.

గూళ్ళకన్నా పావురాలెక్కువైతే
ఏదో ఒక గూట్లో రెండుంటాయి.
ఇది సూత్రం.
మా గదిలో మంచాలు ఎనిమిది, మనుషులం తొమ్మిది.
నిరూపణ రాయనక్కర్లేదు.
లింబాద్రిది రాత్రి డ్యూటీ, కర్ణబహదూర్‌ది పగలు,
ఇద్దరిదీ ఒకే పరుపు.
ఒకడి వేడి ఆరకముందే ఇంకొకడు వాలతాడు.
గంటల్ని కూడా గూళ్ళు చేయొచ్చని
పుస్తకంలో ఎక్కడా లేదు.

గణితానుగమనం మాత్రం అందరికీ వచ్చు ఇక్కడ.
ఈ నెల గడిస్తే వచ్చేనెలా గడుస్తుంది,
అలా ఎన్ని నెలలైనా.
కానీ మొదటి మెట్టు నిజమని ముందు చూపాలట.
మొదటి నెల ఎలా గడిచిందో
ఈ గదిలో ఎవరూ చెప్పరు.

జులైలో పరీక్ష. శుక్రవారం, పదింటి నుంచి ఒంటిగంట దాకా.
నియమాలు చదివి వినిపించాను.
ఆరోది దగ్గర గొంతు తగ్గింది:
పరీక్ష రాసే గదిలో మరో మనిషి ఉండకూడదు.

ఎవరూ ఏమీ అనలేదు.
షాజీ పొయ్యి మీది పప్పు దించాడు.
రాత్రంతా కాపలా కాసి అప్పుడే వచ్చిన లింబాద్రి
బూట్లు కూడా విప్పకుండా
దిండు చంకన పెట్టుకుని నడిచాడు.
ఏసీ లేని మెట్లమీదికి ఎనిమిది మంది.

తెరలోంచి ఒక అమ్మాయి గొంతు,
ఏ ఊరినుంచో: "కెమెరా తిప్పండి సార్.
మంచాల కింద. తలుపు వెనక."
తిప్పాను.
"ఇంకెవరైనా ఉన్నారా?"
"లేరు."
"మరి ఆ తువ్వాళ్ళు?"
తాడు మీద తొమ్మిది, ఇంకా నీళ్ళోడుతున్నాయి.
"నావే."
"అన్నీనా?"
"అన్నీ."
కాసేపు ఏమీ వినపడలేదు.
తర్వాత, కొంచెం మెల్లగా,
"మొదలుపెట్టండి సార్."

నాలుగో ప్రశ్న:
శూన్య సమితి ప్రతి సమితిలోనూ ఉపసమితేనని చూపండి.
రాశాను:
కాదనేవాడు, శూన్యంలో ఉండి
ఇందులో లేని మూలకాన్ని ఒక్కదాన్ని తెచ్చి చూపాలి.
తేలేడు.
తలుపవతల ఎవరికో దగ్గొచ్చింది.
సగంలోనే ఎవరో దాని నోరు మూశారు.
కొట్టేసి మళ్ళీ రాశాను.

తలుపు తీసేసరికి
మెట్టుకొకడు చొప్పున, చొక్కాలు విప్పి.
ఫోన్లలో పాట కూడా పెట్టుకోలేదు.
"హో గయా?" అన్నాడు షాజీ, పప్పు గిన్నె వైపు పోతూ.
గోడకానుకుని నిద్రపోతున్న లింబాద్రిని లేపాను.
"ఏమడిగిండ్రు?"
"ఏమీ లేనిదాని గురించి."
"దానికి మూడు గంటలా?"

లోపలికొచ్చి, బూట్లు విప్పి, పడుకున్నాడు.
అరచెయ్యి పరుపు మీద ఆనించి
అటూ ఇటూ ఒకసారి రాసి చూశాడు.
"అరే," అన్నాడు కళ్ళు మూసుకునే,
"ఇయ్యాల సల్లగున్నదే."