తక్‌పట్టీ వెనక

ఎనుమాముల మార్కెట్ల చిట్టీలు రాసే కొలువు నాది.
బస్తాలెన్ని, తరుగెంత, హమాలీ ఎంత
అంకెలు తప్ప ఇంకోటి ఎరగని పెన్ను.

ఓ మార్చి పగలు
ఆత్మకూరు దిక్కు నుంచి వచ్చిన సారయ్య
ధర విని ఏమనలేదు.
రుమాలు దులిపి, మళ్ల చుట్టుకొని,
"ఇగ మా ఎద్దుకేం చెప్పాలె?" అన్నడు.

ఆ మాటకు చిట్టీల గడి లేదు.
వెనక్కి తిప్పి రాసుకున్న.

తొలి కథల సారయ్యకు మంచి ధర ఇప్పించిన,
ఎద్దు మెడకు గజ్జెలు సుత కట్టిన.
చాయ్ బండి కాడ చదివితే
యార్డు ఊడ్చే కొంరక్క నవ్వింది:
"అబద్ధం మంచిగనే ఆడినవ్ సారూ,
గింత మిర్చిల
ఒక్కడన్న తుమ్మడేంది?"

ఆ తుమ్ము రాసుటానికి ఏడేండ్లు పట్టింది.

నడుమ
కాజీపేట ప్లాట్‌ఫారం మీద చింపిన కాయితాలు,
తిరిగొచ్చిన కవర్లు,
ఒకదాని మీద నా పేరే తప్పు.
గజ్జెలు ముందుగాల తీసేసిన.
తర్వాత మంచి ధర.
ఆఖరుకు నా ఏడుపు.

సారయ్య మళ్ల కనబడలే.
ఎద్దుకేం చెప్పిండో తెల్వక
పదకొండు కథలు రాసిన.

మొన్న పుస్తకం అచ్చయి వస్తే
కొంరక్క వాసన చూసి, "చదువు" అన్నది.
నేను చదువుతున్న, ఆమె ఊడుస్తున్నది.
ఒక్కచోట చీపురు ఆగింది,

నేననుకున్న కాడ కాదు.

రాత్రి ఇంటికొచ్చి
ఆ పేజీ మళ్ల తెరిచిన.