తక్‌పట్టి వెనకపక్క

ఎనుమాముల యార్డుల తేజ మిర్చి సీజను.
పొద్దుందాక తుమ్మి తుమ్మి కాంటాలు గూడ అలిసినయి.
మా దుకాణం దినం పద్దు కూడితే
తొంభై ఆరు లక్షల తొంభై తొమ్మిది వేల
ఆరువందల తొంభై.

రెండోసారి కూడిన. అదే.
మూడోసారి కూడలే.
అంకెల మొఖాన ఎవరో తెలిసినోళ్ల పోలిక.

ఒకటి విడిచి ఒకటి కలిపి, తీసేస్తే, సున్న:
పదకొండు లోపలున్నది.
తొమ్మిదివేల ఆరువందల తొంభైని
మూడిండ్లు ఎడమకు జరిపి
దాని కింద మళ్ల దాన్నే రాసి కూడితే ఇదే లెక్క.
అంటే వెయ్యిన్నొకటి గూడ లోపలే,
ఏడును, పదకొండును, పదమూడును
ఒక్క బస్తాల కుట్టుకొని.
మిగిలిన మూట విప్పిన:
రెండు, మూడు, ఐదు, పదిహేడు, పందొమ్మిది.

మొదటి ఎనిమిది ప్రధాన సంఖ్యలు.
ఒక్కటి తప్పిపోలే, ఒక్కటి రెండుసార్లు రాలే.
ఈ ఎనిమిదింటిని కలిపి పండవెట్టాలంటే
దీనికన్న చిన్న అర్ర లేదు.
ఇరవై రెండేండ్లు తక్‌పట్టీలు రాసిన చెయ్యి ఇది,
ఇసొంటిది ఒక్కనాడు తగల్లే.

ఆగలేక హమాలీ ఓదెలుకు చెప్పిన:
ఏడుగురు పంచుకున్నా పైస మిగలదు,
పదమూడుగురైనా, పదిహేడుగురైనా.
ఓదెలు తువ్వాల దులిపి
"మేము ఇరవై ముగ్గురం గద సార్" అన్నడు.

చేసి చూసిన. పదిహేను మిగిలింది.

గప్పుడే వచ్చిండు మా సేటు రాజమొగిలి.
కట్నాలు చదివిస్తే నూరు కాదు, నూటపదహార్లు అనే మనిషి.
"సున్న మీద పద్దు మూస్తర?" అని
జేబుల కెల్లి రూపాయి తీసి పద్దుపుస్తకం మీద పెట్టిండు.

ఒక్క రూపాయి.
రెండును అడిగిన: ఒకటి మిగిలింది.
మూడును, ఐదును, పందొమ్మిది దాక అందర్ని అడిగిన:
ఒకటే, ఒకటే, ఒకటే.
ఇందాక కంచం పొత్తున తిన్నోళ్లు
ఎనిమిది మంది వాకిట్ల నిలవడ్డరు.

షట్టరు సగం దించి
చెల్లని తక్‌పట్టీల వెనకపక్క మొదలువెట్టిన.
ఓదెలు ముఠా ముందు: ఇరవై మూడు. పదహారు మిగులు.
ఇరవై తొమ్మిది. ముప్పై ఒకటి.
ఖమ్మం దిక్కు లారీలు పోతున్నయి.
అరవై ప్రధాన సంఖ్యలు ఒట్టి చేతులతోటి మళ్లినయి.
అరవై ఒకటోది మూడువందల నలభై ఏడు,
అది మెల్లగ తలుపు నూకి లోపలికి పోయింది.

అవతల దిక్కు ఇరవై ఏడువేల తొమ్మిదివందల యాభై మూడు.
దాన్ని ఇంక ఇరగ్గొట్టే పని లేదు.
ఇరిగేదుంటే నూట అరవై ఏడు లోపల్నే ఇరగాలె,
వాండ్లనందర్ని ఇందాకనే అడిగి పంపిన.

రేపు రాజమొగిలికి చెప్తే ఏమంటడు?
"పద్దు కలిసిందా?" అంటడు.
కలిసింది సేటూ.
నీ రూపాయి పుస్తకం మీదనే ఉన్నది,
ఎవ్వలం ముట్టలే.

కండ్లు తుడుచుకున్న.
తప్పు చేసిన.
వేళ్లకు ఇంకా తేజ ఉన్నది.