ఎనిమిది నిమిషాలు

ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను
ఎనిమిది నిమిషాలు అరచేతిలో దాచాలి.
కుదపకూడదు.
లోపల జున్నుపాల రంగులో ఏదో
నా వేడి కోసం చూస్తోంది.

అకాల వాన. గుంటూరు పెద్దాసుపత్రి కిటికీకి
తడిసిన మిరప ఘాటు.
గాజుపెట్టెలో గాలిబీ కొడుకు,
ఏడో నెల నిండకుండానే వచ్చినవాడు, తొమ్మిదొందల గ్రాములు,
ఊపిరి ఊపిరికీ మూలుగుతున్నాడు.
పేరులోనే గాలి ఉన్న తల్లి
కింది వార్డులో మత్తులో ఉంది.

తండ్రి ఉద్దండు, యార్డులో హమాలీ,
భుజాన ఇంకా ఎర్ర దుమ్ము,
తలుపు దగ్గరే ఆగి అడిగాడు:
"గాలి పెడుతున్నారుగా, లోపల నిలవదేం?"

తడి బరకం మడతపెట్టి
తెల్లారి విప్పావా ఎప్పుడైనా, అన్నాను.
తల ఊపాడు.
రెండు చేతులా పీకినా విడిపోదు కదా,
వదిలిన ప్రతిసారీ వాడి ఊపిరితిత్తులు
అట్లా అతుక్కుపోతున్నాయి.
మడతల్లో ఊరాల్సిన పూత
వాడికింకా ఊరలేదు.

మూడో నిమిషం.
ట్యూబులైటు వెనక బల్లి గొంతు కొట్టుకుంటోంది.
దానికుంది ఆ పూత.
కాలవలో బెకబెకమనే కప్పకుంది.
చర్చి చూరున తలకిందుల గబ్బిలానికి
ఒళ్లు చల్లబడ్డా గడ్డకట్టనంత పల్చగా ఉంది.
కృష్ణ లంకల్లో మునిగి తేలే నీటికుక్కకుంది.
చేప కడుపులో గాలితిత్తికీ కాస్త ఉందట!
కాళ్లు మొలవకముందే, ఒడ్డు తెలియకముందే
ఎవరు ఊరించారో ఈ జిడ్డును,
తర్వాత వచ్చినవాళ్లెవరూ పారేసుకోలేదు.

"మరి ఇదెవరిది?"
"దూడది."

బయట ఎవరో బండి కిక్కు కొట్టారు.
అంటుకోలేదు. మళ్లీ కొట్టారు.
"దానిది వీడెట్లా తీరుస్తాడు" అన్నాడు,
నాతో కాదు.

కుంకుడు నురగ తలకి పట్టిస్తూ మా అమ్మ
ఊపిరి బిగపట్టమనేది, తర్వాత వదలమనేది.
వదలడం తేలికనుకున్నాను అన్నాళ్లూ.
వదిలాక కూడా లోపల కాస్త మిగలాలని
ఈ వార్డుకొచ్చాకే తెలిసింది.

ఎనిమిది.
గొట్టంలోంచి మూడున్నర మిల్లీలీటర్లు జారాయి.
డాక్టరమ్మ చెప్పినట్టు వాణ్ని కుడికి వంచాను, ఎడమకి వంచాను.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత తెరమీద అంకె తొంభై దాటింది.
మూలుగు ఎప్పుడాగిందో ఎవరం చూడలేదు.

ఉద్దండు బయటికి పోయి
ఇందాకట్నుంచి ఆపుకున్న దగ్గంతా దగ్గి వచ్చాడు.
ఖాళీ సీసా పారేయబోతుంటే చెయ్యి చాచాడు.
ఇవ్వకూడదు. ఒక్క నిమిషం ఇచ్చాను.

రోజూ వంద టిక్కీలు మోసే చెయ్యి.
కుదపకుండా పట్టుకున్నాడు.