అంటనివి

ఒడావ్ వాగు ఒడ్డున, అక్రా తుక్కుదిబ్బల మధ్య
పాత స్పీకరు గుండెకాయ పీకి, దారం కట్టి
మొండికేసిన మేకపిల్లలా ఈడ్చుకొస్తాడు వుంపిని.
మేకులు, స్ప్రింగులు, సైకిలు చువ్వల ముక్కలు
దాని ఒంటినిండా ముళ్ళై నిక్కుతాయి.

ఇనుముకి సిగ్గులేదు.
మసిలోంచి, బురదలోంచి
పిలవగానే ఎగిరొచ్చి మెడకి వేలాడుతుంది.
కాసేపు అంటుకుందో లేదో
తనే అయస్కాంతమైనట్టు
పక్క మేకుని పిలవడం మొదలెడుతుంది.
అందుకే దానికి ధర లేదు.

రాగి అలా కాదు, పలకదు.
నా తక్కెడ దగ్గర పరీక్ష అదే:
అంటిందా, ఇటు పడేయ్.
అంటలేదా, ఎక్కడిదిరా అని అడుగు.
ఇత్తడి పూత పూసిన కుళాయిలు
ఎందరి పరువు తీశాయో ఈ బల్లమీద!

అలాగని రాగి మొద్దేం కాదు.
ఓ సాయంత్రం రాగి గొట్టం నిలబెట్టి
హెడ్‌ఫోన్లోంచి తీసిన చిట్టి అయస్కాంతం జారవిడిచాను.
గులకరాయైతే రెప్పపాటులో పడేది.
ఇది దిగింది,
నిండు చూలాలు మెట్లు దిగినట్టు.
కింద అరచెయ్యి పట్టుకుని
వుంపిని నోరు తెరిచి కూర్చున్నాడు.
"మళ్ళీ, మెమునాటు అత్తా. మళ్ళీ."

ఒక రాత్రి, తీగలు కాల్చే మంటలో
తన అయస్కాంతాన్ని వదిలేశాడు.
పొద్దున చూస్తే అదే రూపు, అదే బరువు,
ఒక్క మేకూ కదల్లేదు.
"చచ్చిపోయిందా?"
"మరిచిపోయింది" అన్నాను.
కొత్తదానికి వాడి కూలిలో కోత పెట్టాను,
ఆ మాట దాచను.

నిన్న ఆసుపత్రిలో నర్సు చెప్పిందట,
నీ నెత్తుట్లో ఇనుము తక్కువని.
వచ్చి, నా బల్ల చాటున చొక్కా ఎత్తి
అయస్కాంతం పొట్టకి ఆనించి
చెయ్యి తీసి చూశాడు.
పడిపోయింది.
తీసి మళ్ళీ మణికట్టుకి ఆనించాడు.
ఈసారి చెయ్యి తియ్యలేదు.

మట్టి నమూనాలకొచ్చిన కాలేజీ అమ్మాయి
ఒకసారి నాకు చెప్పింది:
నీళ్ళూ, కర్రా, ఎముకా, ఆ రాగీ,
ఊపిరి నింపుకున్న నెత్తురూ
అయస్కాంతం ఎదుట వెంట్రుకవాసి వెనక్కి జరుగుతాయట,
కంటికి ఆననంత.
వాడికి ఆ సంగతి చెప్పలేదు.

అయోయో ఆకు పులుసు ఇంకో గరిటెడు పోశాను.
తిను, అన్నాను, ఇనుము ఇలా వస్తుంది లోపలికి.
నమ్మలేదు గానీ తిన్నాడు.
అయస్కాంతం, సత్తు గరిట
పక్కపక్కనే పడున్నాయి బల్లమీద,
ముఖపరిచయం కూడా లేనట్టు.