కిటికీ పక్క సీటు

ఇన్వర్‌నెస్‌లో వాన.
ఆగిందో లేదో తేల్చుకోలేని వాన.
అద్దెకార్ల కౌంటర్ ముందు నిలబడి మా మందాకిని
ఫోన్‌లో లెక్కల పట్టీ తెరిచింది.

చిన్న కారైతే ఇంత.
గేర్లు వెయ్యక్కర్లేనిదైతే దానిమీద ఇంకింత.
గీత పడితే పూచీ మనదే,
పూచీ వద్దంటే రోజుకి మళ్ళీ ఇంత.
ఇక్కడ తీసుకుని ఇంకో ఊళ్ళో వదిలేస్తే
వదిలేసినందుకు ఇంత.
"పోనీ పడకలున్న వ్యాను తీసుకుందామా పిన్నీ?
వంట కూడా అందులోనే."
సెలవులకొచ్చి వంటేమిటే, అన్నాను.
అక్క మోకాళ్ళు నిమురుకుంటూ
"ఏదో ఒకటి తేల్చండి, నేను కూర్చోవాలి" అంది.

కౌంటర్ కుర్రాడు ఓపిగ్గా మ్యాపు పరిచి
ఒక సన్నటి దారి మీద వేలు నడిపించాడు.
ఒక్క బండికే చోటట.
ఎదురుగా ఇంకోటొస్తే
పక్కనున్న జేబులాంటి జాగాలోకి తప్పుకుని
చెయ్యెత్తి పలకరించి దారివ్వాలట.
గొర్రెలకి చెయ్యెత్తక్కర్లేదు,
అవి చూడవు.
డండీలో ఇంటినుంచి పళ్ళ ల్యాబుదాకా
పది నిమిషాలు నడిపే పిల్ల మందాకిని.
నవ్వింది గానీ,
తాళానికి చాచిన చెయ్యి
మెల్లగా కోటు జేబులోకి వెళ్ళిపోయింది.

అప్పుడు వినపడింది,
వీధి మలుపులో పెద్ద బండి బ్రేకు వదిలిన బుస.
ఏ దేశంలోనైనా ఆ నిట్టూర్పు ఒకటే.

"ఆ ఊరికి బస్సు లేదుటే?"
"ఉంది పిన్నీ. కానీ ఫోటోలకి
ఎక్కడపడితే అక్కడ ఆపరు."
"ఆపకపోతే మరీ మంచిది."

ఆపమన్న ప్రతివాళ్ళకీ ఆపించాను నేను,
తాడేపల్లిగూడెం డిపోలో ఇరవయ్యారేళ్ళు.
కోళ్ళగంపకి ఆపించాను. పెళ్ళివారికి ఆపించాను.
కిటికీలోంచి చెప్పు జారవిడిచిన పిల్లాడికి
అరఫర్లాంగు వెనక్కి కూడా పోనిచ్చాను.
కడ్డీకి మోచెయ్యి మెలేసి,
సంచీ ఒక భుజాన, మిషను ఒక చేత,
ఎన్ని వేలసార్లు పోయానో అదే దారి.
ఆకివీడు దాటాక గూడబాతులు దిగాయని
ప్యాసింజర్లు మెడలు సాచి చూసేవాళ్ళు.
నేను చూసింది చిల్లర.

బస్సుకి కండక్టరు లేడు.
డబ్బూ టిక్కెట్టూ అన్నీ డ్రైవరే.
కొంచెం గుచ్చుకుంది.
మందాకిని కార్డు తాకించగానే అయిపోయింది,
టిక్కెట్టు వెనక బాకీ రాసి సున్నా చుట్టడం లేదు,
దిగేటప్పుడు అడగమ్మా అనడం లేదు.
స్టీరింగు దగ్గర నెరిసిన జుట్టుకి క్లిప్పు పెట్టుకున్న ఆవిడ
అక్క రెండు సీట్లు పట్టుకుని, మూడోది పట్టుకుని,
చీర సర్దుకుని కూర్చునేదాకా
అద్దంలో చూస్తూ బండి కదపలేదు.
ఆ ఒక్క సంగతికే
మంచి డ్రైవరని రాసి సంతకం పెట్టేస్తాను.

"కిటికీ పక్క నువ్వు కూర్చో పిన్నీ."
కూర్చోవడం తెలియలేదు మొదట.
బస్సు ఊగితే పాదాలు వాటంతటవే ఎడంగా జరిగాయి,
చెయ్యి కడ్డీ కోసం వెతికింది.
నోరేమో ఎవరూ అడక్కుండానే
"రైట్ రైట్" అనేసింది.
వెనక సీట్లో ముసలాయన తలెత్తి
వాతావరణం గురించి అనుకున్నాడు కాబోలు,
అవునన్నట్టు తలూపాడు.

ఊరు దాటింది. వాన ఈసారి నిజంగా ఆగింది.
నీళ్ళు బస్సుతో పాటే వస్తున్నాయి,
ఇనుపరంగు నీళ్ళు,
ఒడ్డున తడిసిన ఊదా పొదలు,
గట్టు మీద ఒక గొర్రె. మనల్ని చూడలేదు.
అలవాటు చావదు కదా,
లేచి తలలు లెక్కపెట్టాను.
పదకొండు.
మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండే.
డ్యూటీలో కండక్టరు తనని తాను లెక్కపెట్టుకోదు.

కూర్చున్నాను.
పన్నెండు.