లాకౌటు గాంధారం

మా షాపు పేరు శ్రీ పైడిమాంబ సౌండ్ సర్వీస్.
పెళ్లికైనా చావుకైనా అవే బాక్సులు,
ఎలక్షన్లకి మాత్రం రేటు వేరు.
ఆ షాపులో గోడలకి గోనెసంచులు కొట్టి,
ఫ్యానాపి, ఫ్రిజ్జు తీగ పీకి,
మూడు రాత్రుల్లో ఎనిమిది పాటలు పట్టినాను.
నెల్లిమర్లలో ఈ మాట ఎవుడికి చెప్పినా నవ్వుతాడు.

బోనెల బెతన్య. పదహారేళ్ల గుంట.
గిటారు చర్చిది. ఆదివారం తెచ్చీమని
మిగతా ఆరు రోజులూ పాస్టరుగారు ఇచ్చీసినాడు.
వేలికి తొడుక్కునే ఇత్తడి గొట్టం ఒక్కటే సొంతం.
వాళ్ల నాన్న సన్యాసి, స్పిన్నింగులోనివాడు,
మిల్లుకి తాళం పడ్డ రోజున
జేబులో ఏటుందో చూసుకోకుండా ఇంటికొచ్చీసినాడు.
కంపెనీ అతనికి కట్టిన బాకీ అదే.

"బ్లూసంటే ఏటే?" అనడిగినాను, వైర్లు చుడుతూ.
"ఏటీ లేదు మావా.
ఒక మాట చెప్తాం. ఎవులూ వినరు.
అదే మాట మళ్లీ చెప్తాం.
మూడోసారి ఇంకోలా చెప్తాం."
యూనియన్ అర్జీలు రాసిన చెయ్యి నాది,
నాకు వెంటనే అర్థమైపోనాది.

పన్నెండు గదులంట ఆ పాటకి.
తిరిగి తిరిగి మొదటి గదికే వస్తాదంట.
మా లైను క్వార్టర్లూ పన్నెండే.

నాలుగో పాటలో వసారాలో సన్యాసి దగ్గినాడు.
చెరిపీబోతే చెయ్యి పట్టుకున్నాది:
"ఉంచు, తాళంలోనే పడింది."
ఆరో పాటలో గూడ్సుబండి వచ్చినాది.
యాభై మూడు పెట్టెలు పోయేదాకా
అదే తీగని పట్టుకుని కూచున్నాది.
ఆపమనలేదు బండినీ, నన్నూ.

మనవడి ఒడుగుకి మైకు కావాలని
విజయనగరం నుంచి వయొలిన్ మేష్టారొకాయన వచ్చి
అడ్వాన్సు లెక్కపెడుతూ ఆగిపోయినారు.
"ఎవరమ్మా ఇది? సాధారణ గాంధారమా, అంతర గాంధారమా?
ఎటూ తేలడం లేదేం?"
గుంట తలెత్తకుండానే అన్నాది:
"రెండిటికీ మధ్యన, గేటు కాడ నిల్చుంది సార్.
లోపలికి రానీరు. ఇంటికి పొమ్మనరు."
ఆయన ఆ నోట్లు మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టినారు.

పేరు పెట్టినాం: 'బి షిఫ్టు'.
రెండొందల పెన్‌డ్రైవులు. అట్టమీద ఇత్తడి గొట్టం ఫోటో.
జంక్షన్లో ఆటోవాళ్లు పన్నెండు కొని
తొమ్మిది తిరిగిచ్చీసినారు, డీజే లేదని.
ఆ మిగిలిన మూడాటోలు ఎక్కడెక్కడ తిరిగినాయో,
ఎవుడు ఏ ఫోనులోకి ఎక్కించినాడో,
నెల తిరక్కుండా వైజాగు బీచిరోడ్డు హోటలు నుంచి పిలుపు.
బ్యానరుమీద 'బాల మేధావి' అని రాసినారు,
పేరులో ఒత్తు ఎగరగొట్టినారు.
పాటయ్యాక ఒక పెద్దమనిషి కళ్లు తుడుచుకుని
"ఇంత చిన్న వయసులో ఇంత దుఃఖం ఎక్కడిదమ్మా?" అంటే
"దుఃఖం కాదండి, ఆకలి. రెండింటికి తిన్నాను" అన్నాది.
ఆఖరి పాసింజరు తప్పిపోనాది.
ప్లాట్‌ఫారంమీద మిరపకాయ బజ్జీలు తిని
ఏడువేల కవరు గిటారు పొట్టలో దాచి
దానిమీదే తలవాల్చి పడుకున్నాది.
నేను కాపలా. దోమలకి నా లెక్క తెలుసు.

కొత్త బాక్సులొచ్చిన రోజు,
షాపుముందు పెట్టి మొదటి పాట వేసినాను.
గొట్టం కింది తీగనుంచి మెల్లగా పాకి
పైకి, పైకి, ఇంకా పైకి పోయి
అక్కడే నిలబడి కూసినాది.
టైము సరిగ్గా రెండు.
ఎదురు లైన్లోంచి లెంక జోగులు
చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని
కేరియరుతో రోడ్డుమీదికొచ్చీసినాడు.
పదేళ్లయింది ఆ మనిషి గడప దాటి.
కట్టీడానికి చెయ్యి రాలేదు నాకు.
పాటయ్యేదాకా గేటువేపు తిరిగి నిలబడి
"ఎవుడు కూయించినాడ్రా?" అన్నాడు.

బెతన్య అప్పుడు కాలేజీలో ఉంది.
కామర్సు క్లాసు. బ్యాలెన్సు షీటు.
రెండు వేపులా కలవడం లేదని సాయంత్రం చెప్పినాది.